విమానచోదకుని పలక

మీరు మొదట అక్షరములు దిద్దిన పలక యింటిలో ఏ మూలనో యుండవచ్చును. విమానములు నడపువారి చేతిలో నేడు మఱియొక విధమగు పలక కలదు. దానిని టాబ్లెట్టు అందురు. బజారులో ఎవరైనను కొనదగిన వస్తువే యది. ఐనను చోదకుని గదిలో ప్రవేశించుటకు అది దాటవలసిన పరీక్షలు పెక్కు గలవు.

అది ఎవరి స్థానము నాక్రమించెనో మొదట తెలిసికొందము. 1930లో అమెరికాలో ఎల్రీ జెప్సన్ అను యువకుడు విమానములో తపాలా సంచులు చేరవేయు ఉద్యోగమున చేరెను. నాడు వైమానికులకు సరియగు పటములు లేవు. మంచుతుపానులలో దారితప్పి పలువురు చోదకులు మరణించుచుండిరి. జెప్సన్ పది సెంట్లకు ఒక నల్లని పుస్తకమును కొని, కొండల యెత్తులను, దిగుటకు వీలగు మైదానముల కొలతలను, వాతావరణము తెలుపగల రైతుల టెలిఫోను సంఖ్యలను అందులో వ్రాసికొనెను. ఎత్తు కొలుచు యంత్రమును పట్టుకొని పొగగొట్టములు సైతము ఎక్కెనట! 1934లో ఆ విషయములను అచ్చువేసి పది డాలర్లకు అమ్మసాగెను.

ఆ చిన్న పుస్తకము కాలక్రమమున పెద్ద సంచి యయ్యెను. పటములు, యంత్రవివరణ గ్రంథములు కలిసి దాదాపు 16 కిలోగ్రాముల బరువు. 28 దినముల కొకమారు పాత కాగితములు తీసి క్రొత్తవి చేర్చవలెను. ఈ బరువంతయు పలకలో ఇమిడినది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ సంస్థ 2011 డిసెంబరులో దీనికి అనుమతి పొంది, 2013 నాటికి తన విమానములన్నిటినుండి సంచులను తొలగించెను. అందువలన ఏటేట 4,00,000 గాలన్ల ఇంధనము మిగులునని లెక్కకట్టెను.

ఇక అసలు చిక్కు విద్యుచ్ఛక్తి విషయమున గలదు. పలకకు కావలసినది సామాన్యముగా 5 వోల్టులు. అనేక విమానములలో లభించునది 28 వోల్టులు. నడుమ నొక పరివర్తకము ఉండవలెను. ఇది విద్యుత్ప్రవాహమును క్షణమునకు వేలకొలది మారులు తెంచుచు, కలుపుచు వోల్టులను తగ్గించును. ఆ తెంపులనుండి రేడియో తరంగములు వెలువడును. ఇంట రేడియో ప్రక్క నాసిరకపు ఛార్జరు పెట్టినచో గరగర వినబడుట మీరెఱుగుదురు. ఇంటిలో నది చికాకు మాత్రమే. విమానములోనన్ననో, 118 మొదలు 137 మెగాహెర్ట్‌జుల వఱకు గల తరంగములపై నేలమీది అధికారుల మాటలు వచ్చుచుండును. 108, 112ల నడుమ రన్‌వే దిశను తెలుపు సంకేతములు వచ్చును. ఒక్క మాట వినబడకున్నను, సూచిక యొకింత ప్రక్కకు జరిగినను ఏమగునో ఊహింపుడు. కావుననే కారులో వాడు ఛార్జరును తెచ్చి విమానములో తగిలించుట తగదు. నేలమీద పలకలను, ఛార్జర్లను, రేడియోలను అన్నిటిని ఏకకాలమున పనిచేయించి, ఒకదానివలన మఱియొకటి చెడుచున్నదేమో పరీక్షింతురు. పలక మూతలోని అయస్కాంతము దిక్సూచిని త్రిప్పుచున్నదేమో అదియు చూతురు.

ఇచ్చట నొక వింత కలదు. చేతపట్టుకొని వచ్చు పలక విమానభాగముగా లెక్కింపబడదు. కాని దానిని నిలుపు కొక్కెము, దానికి శక్తినిచ్చు తీగ, సాకెట్టు విమానమునకు బిగింపబడునవి గనుక, వానికి విమానయోగ్యతానుమతి తప్పదు. కొక్కెము నడపుచక్రమునకు అడ్డురాకూడదు; తీగ మీటలకు చుట్టుకొనకూడదు. పొగ కనబడినచో చోదకుడు వెంటనే శక్తిని ఆపివేయుటకు స్విచ్చి చేతికందునట్లుండవలెను. పలకను వాడుటకు విమానసంస్థ పొందవలసిన అనుమతి వేఱు. మన దేశమున దానిని పౌరవిమానయాన మహానిర్దేశనాలయము ఇచ్చును.

పొగ యేల వచ్చునందురా? పలకలోని లిథియము బ్యాటరీ లోపించినను, మితిమీరి వేడెక్కినను, ఆ వేడి మఱింత వేడిని పుట్టించును. ఒక అర అంటుకొన్న ప్రక్కది అంటుకొనును. సామాన్యపు అగ్నిశామకము మంటను అణచునే గాని బ్యాటరీని చల్లార్పదు. పిమ్మట నీరు పోయవలెను. మంచుగడ్డలు కప్పుట మంచిదని తోచును గాని, అవి వేడిని లోపలనే బంధించును; అట్లు చేయరాదు. 2010 సెప్టెంబరు 3న దుబాయిలో సరకుల విమానమొకటి కూలి యిద్దరు చోదకులు మరణించిరి. దానిలో రవాణా యగుచుండిన లిథియము బ్యాటరీలున్న సరకున నిప్పు పుట్టెను. అవి పలకలలోనివి కాకపోయినను, ఆ మంట స్వభావ మట్టిది.

పలక ఆరిపోయినచో? అందుకే చోదకు లిరువురికి చెఱియొక పలక యుండును. ఒకదానిలో శక్తి తఱిగినను రెండవది వెలుగుచుండవలెనని నియమము. 2015 ఏప్రిల్ 28న మాత్రము ఈ యేర్పాటు చాలలేదు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ పలకలలో వాషింగ్టన్‌లోని రీగన్ విమానాశ్రయపు పటము పొరపాటున రెండుమారులు చేరెను. అది గ్రహింపలేక ఆ పటముల కార్యక్రమము హఠాత్తుగా మూతపడెను. బ్యాటరీలు నిండుగనే యున్నవి, తీగలు చక్కగనే యున్నవి. కాని రెండు పలకలలోను ఉన్నది ఒకే కార్యక్రమము గదా! పదులకొలది విమానములు ఆలస్యమయ్యెను. కొన్ని బయలుదేరిన చోటికే తిరిగివచ్చెను. చోదకులు ఆ కార్యక్రమమును చెఱిపివేసి మరల నెక్కించుకొన్న పిదపనే పటములు కనబడెను.