వైరల్ కాని సాయం... నెలకు రెండొందలు!

ఇన్‌స్టా తెరిస్తే చాలు, రెండు రీల్స్ మధ్యలో ఓ పసివాడి ఫొటో. ఒంటినిండా పైపులు, కింద ఎర్ర అక్షరాల్లో 'అర్జెంట్' అని, పక్కన ఒక లింకు. మనలో చాలామంది ఆ లింకు నొక్కినవాళ్లమే, వందో ఐదొందలో పంపినవాళ్లమే. 2021లో మన హైదరాబాద్‌లోనే స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ ఉన్న ఓ చిన్నారికి సుమారు 16 కోట్ల రూపాయల ఇంజెక్షన్ కావాల్సి వచ్చింది. ఆన్‌లైన్‌లో అడిగితే 14 కోట్లకు పైగా పోగైంది. ఇచ్చినవాళ్లలో ఎక్కువమంది మనలాంటి మామూలు జనమే.

ఫోన్‌కి అంత శక్తి ఉందన్నమాట. మరి అదే ఫోన్ ఒక చిన్న సంస్థకి నెలనెలా గది అద్దె కట్టిపెట్టగలదా? కట్టిపెట్టగలదు. కానీ దాని దారి వేరు.

అద్దెకి ఫొటో ఉండదు

నేను హబ్సిగూడలో ఉంటా. వారంలో ఐదు రోజులు మెట్రో బ్లూ లైన్ ఎక్కి రాయదుర్గం దాకా వెళ్లి కోడ్ రాస్తా. శనివారం సాయంత్రం మాత్రం నాచారం వెళ్తా. అక్కడ ఓ రిటైర్డ్ టీచర్ గారు చిన్న ట్రస్టు పెట్టి, పారిశ్రామికవాడలో పనిచేసే కూలీల పిల్లలకి సాయంత్రం బడి నడుపుతారు. నేను లెక్కలు చెప్తా, పిల్లలకే కాదు, ట్రస్టు ఖాతా పుస్తకానికి కూడా.

ఖర్చులేమీ పెద్దవి కావు. గది అద్దె, చదువు చెప్పే అమ్మాయికి గౌరవ వేతనం, కరెంటు, నోటు పుస్తకాలు, బిస్కెట్లు. అన్నీ కలిపితే నెలకి ఇరవై వేల దాకా. చిక్కంతా ఎక్కడంటే, ఇది ప్రతినెలా కావాలి. ఒకసారి ఎవరో పుట్టినరోజుకి పదివేలు ఇస్తారు. తర్వాత మూడు నెలలు సైలెంట్. పుట్టినరోజు ఏడాదికోసారే వస్తుంది, ఇంటి ఓనరు మాత్రం ప్రతి ఒకటో తారీఖునా వస్తాడు. పైగా 'అద్దె కట్టాలి, సాయం చేయండి' అన్న పోస్టర్‌ని ఎవరు షేర్ చేస్తారు? కన్నీళ్లు తెప్పించే ఫొటో దానికెక్కడిది?

క్యూఆర్ అతికిస్తే సరిపోదు

2016లో యూపీఐ వచ్చింది. 2020 జనవరి నుంచి బ్యాంకు ఖాతాల మధ్య జరిగే యూపీఐ చెల్లింపుల మీద వ్యాపారి రుసుము కూడా తీసేశారు. అంటే ట్రస్టు బ్యాంకు ఖాతాకున్న క్యూఆర్‌కి మీరు పది రూపాయలు కొడితే పదీ చేరతాయి. చిన్న సంస్థలకి ఇంతకన్నా మంచి వార్త ఇంకోటి లేదు.

అందుకే మా టీచర్ గారు కూడా గోడకి క్యూఆర్ అతికించి, ఫొటో తీసి వాట్సాప్‌లో అందరికీ పంపారు. డబ్బులు వచ్చాయి. కానీ బ్యాంకు స్టేట్‌మెంట్ చూస్తే సగం పేర్లు ఎవరివో అర్థం కావు.

"ఎవరిచ్చారో తెలీకపోతే థ్యాంక్స్ ఎవరికి చెప్పను బాబూ?" అన్నారు ఆవిడ.

ఆవిడ అడిగింది మర్యాద కోసం. కానీ ఆ ప్రశ్నలో చట్టం కూడా ఉంది. సేవా సంస్థలు దాతల పేరు, చిరునామా రాసి పెట్టుకోవాలి. అవి లేని విరాళాన్ని ఆదాయపు పన్ను శాఖ అనామక విరాళం అంటుంది. అలాంటివి ఏడాదికి లక్ష రూపాయలు లేదా మొత్తం విరాళాల్లో 5 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది దాటితే, ఆ పైసొమ్ము మీద 30 శాతం పన్ను పడుతుంది. గుళ్లు, మసీదుల్లాంటి పూర్తి మతపరమైన సంస్థలకి మినహాయింపు ఉంది. సాయంత్రం బడికి లేదు.

కాబట్టి క్యూఆర్‌కి ముందు ఒక చిన్న ఫారం పెట్టాం. పేరు, ఫోన్, చిరునామా. 80జీ రసీదు కావాలనుకుంటే పాన్ నంబరు. నింపాకే క్యూఆర్ కనిపిస్తుంది. ఒక నిమిషం పని. కానీ ఆ నిమిషంతో ముక్కూమొహం తెలియని యూపీఐ ఐడీ కాస్తా మాకు తెలిసిన మనిషి అయిపోయింది.

వందమంది, రెండొందలు

వందమంది నెలకి రెండొందల చొప్పున ఇస్తే ఇరవై వేలు. ఒకాయన ఒకేసారి ఇరవై వేలు ఇచ్చినా అంతే కదా అనిపిస్తుంది. కాదు. ఆ ఒకాయన ఉద్యోగం మారితే బడి మూతపడుతుంది. వందలో ఐదుగురు మానేసినా బడి నడుస్తుంది. మా భాషలో చెప్పాలంటే సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ లేకుండా చూసుకోవడం.

దీనికోసమే అన్నట్టు 2020 జులైలో యూపీఐ ఆటోపే వచ్చింది. ఓటీటీ చందా కట్టినట్టే, ఒకసారి పిన్ కొట్టి ఒప్పుకుంటే ప్రతినెలా ఆ మొత్తం వెళ్తుంది. డబ్బు కట్ అయ్యేముందు మెసేజ్ వస్తుంది. వద్దనుకుంటే యాప్‌లోనే ఆపేయొచ్చు. సంస్థ వైపు మాత్రం దీనికి బ్యాంకుతోనో పేమెంట్ గేట్‌వేతోనో ఒప్పందం ఉండాలి, కొంత రుసుము పోతుంది. అది కుదరని చోట పాత పద్ధతే. ఐదో తారీఖున వాట్సాప్‌లో ఒక్క మెసేజ్.

ఆ మెసేజ్‌లో టీచర్ గారు ఏడుపులు రాయరు. 'అద్దె కట్టేశాం. ఈ నెల ఇద్దరు కొత్త పిల్లలు చేరారు. ఫ్యాన్ పాడైంది, బాగుచేయించాం.' అంతే. కింద జమ, ఖర్చు లెక్క.

కర్నూలు నుంచి ఓ పాఠం

చిన్న ఊరి సంస్థకి ఇవన్నీ సాధ్యమేనా అంటే కర్నూలు వైపు చూడండి. 2003లో మొదలైన సెరుడ్స్ అక్కడ పిల్లలకీ, దిక్కులేని వృద్ధులకీ సాయం చేస్తోంది. ఆన్‌లైన్ విరాళాలు బాగా వాడుకుంటున్న సంస్థల్లో అదొకటి. 'మాకు డబ్బివ్వండి' అని మొత్తంగా అడగదు. ఒక అవ్వకి సరుకుల కిట్, పిల్లలకి భోజనం అని విడివిడిగా చెప్పి, దేనికెంతో రాస్తుంది. ఇచ్చేవాడికి తన డబ్బు ఎటు పోతుందో కళ్లకి కడుతుంది.

ఆ సంస్థ ప్రాజెక్టులు కనిపించే గ్లోబల్‌గివింగ్ అనే అమెరికా వేదికలో ఒక ఆసక్తికరమైన నియమం ఉంది. కొత్త సంస్థకి అక్కడ చోటు దక్కాలంటే 5,000 డాలర్లు సేకరిస్తే చాలదు, కనీసం 40 మంది దాతల నుంచి సేకరించాలి. ఎంతొచ్చిందన్నదే కాదు, ఎంతమంది నమ్మారన్నది కూడా వాళ్లు లెక్కేస్తారు.

అమెరికా అన్నయ్య ఇస్తానంటే...

మనందరికీ డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఒక అన్నయ్య ఉంటాడు. 'అకౌంట్ నంబర్ పంపరా, వేసేస్తా' అంటాడు. ఆగండి. ఆయనది ఇంకా ఇండియా పాస్‌పోర్టే అయితే, సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా ఇవ్వొచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద ఉంటే అది విదేశీ విరాళం కిందికొస్తుంది. ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ లేని సంస్థ దాన్ని తీసుకోకూడదు. ఆ రిజిస్ట్రేషన్‌కి మామూలుగా మూడేళ్ల అనుభవం, ఆ మూడేళ్లలో 15 లక్షల ఖర్చు చూపించాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందు ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. మా బడిలాంటివాటికి ఇది అందని ద్రాక్షే. అందుకే ముందు పక్క వీధివాళ్లని అడగడం మేలు.

నొక్కేముందు ఐదు నిమిషాలు

* క్యూఆర్ స్కాన్ చేయగానే వచ్చే పేరు సంస్థదా, వ్యక్తిదా చూడండి. వ్యక్తి పేరు వస్తే ఎందుకో అడగండి.
* ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైట్‌లో, నీతి ఆయోగ్ ఎన్జీవో దర్పణ్‌లో సంస్థ పేరు వెతకండి.
* పన్ను మినహాయింపు కావాలంటే మామూలు రసీదు చాలదు, పన్ను శాఖ నిర్దేశించిన విరాళ ధ్రువపత్రం అడగండి. రెండు వేలు దాటిన నగదు విరాళానికి మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానంలో ఉన్న ఉద్యోగులకి 80జీ అసలే వర్తించదు.
* కొన్ని క్రౌడ్ ఫండింగ్ సైట్లలో 'టిప్' ముందే టిక్ అయి ఉంటుంది. అది సంస్థకి కాదు, సైటుకి. ఇష్టమైతేనే ఉంచండి.
* ఆసుపత్రి కేసైతే డబ్బు నేరుగా ఆసుపత్రి ఖాతాకి వెళ్తుందా అని కనుక్కోండి.

మా బడికి ఇప్పటికి అరవై మందికి పైగా ఉన్నారు. ఇంకో నలభై మంది దొరికితే జూన్‌లో బడులు తెరిచేసరికి రెండో గది తీసుకుంటాం. లేదంటే తలుపు దగ్గర నిలబడ్డ పిల్లలకి 'చోటు లేదు నాన్నా' అని టీచర్ గారు మళ్లీ చెప్పాలి. మా ట్రస్టు పేరు మాత్రం ఇక్కడ రాయను. ఉప్పల్‌లో ఉన్నా, మియాపూర్‌లో ఉన్నా, మీ ఇంటికి రెండు కిలోమీటర్లలో ఇలాంటిదొకటి కచ్చితంగా ఉంటుంది. వెళ్లి చూడండి, లెక్కలు అడగండి, నచ్చితే నెలకి రెండొందలు పెట్టండి. ఒక వీకెండ్ బిర్యానీ ఖర్చు కూడా కాదు అది.