తెరమీది గాజు

గాజును చూచితిమని మనము తరచుగా చెప్పుచుందుము. నిజమునకు నిర్మలమగు గాజు కంటికి కనబడదు. అలమర తలుపునకు బిగించిన పలకలో మనకు కన్పట్టునవి లోపలి పాత్రల వరుస, అంచున మెరసెడి సన్నని గీత, ఎదుటి కిటికీ వెలుగు. ఈ మూడింటిని తీసివైచినచో అచట గాజున్నదని తెలియుటకు చేతితో తాకి చూడవలసినదే. తాను కనబడక, తన వెనుకనున్న దానిని కొంచెము మార్చి చూపుట గాజు స్వభావము.

నేడు టెలివిజను తెరమీదను, సెల్‌ఫోనుమీదను గాజుపలకల వంటి పట్టీలు కనబడుచున్నవి. వార్తల శీర్షికలు, ఆటల స్కోర్లు, కార్యక్రమముల పేర్లు వానిపై వచ్చిపోవుచుండును. ఇట్లు కదలెడి అక్షరములను, బొమ్మలను కంప్యూటరుపై కూర్చెడి విద్యకు మోషన్ గ్రాఫిక్స్ అని పేరు. తెర చదునైనది; దానిమీది రంగు చదునైనది. ఆ చదునులో గాజు భ్రమ ఎట్లు కలుగుచున్నది? దానివలన చూచువారికి మేలెంత, కీడెంత? ఈ రెండు ప్రశ్నలను ఇచట విచారింతము.

మొదట అసలు గాజు ఏమి చేయునో తెలిసికొనవలెను. కాంతి గాలినుండి గాజులోనికి ఏటవాలుగా ప్రవేశించునపుడు వంగును. ఇది వక్రీభవనము. సామాన్యమగు గాజునకు వక్రీభవన గుణకము సుమారు 1.5, గాలికి సుమారు 1. ఈ భేదమే గాజును మనకు పట్టి యిచ్చుచున్నది. ప్రయోగశాలలలో వాడెడి బోరోసిలికేటు గాజుకడ్డీని వంటనూనెలో ముంచినచో, ముంచినంతమేర అది దాదాపు మాయమగును. రెండింటి గుణకములును 1.47 ప్రాంతముననే యుండుటచేత కాంతి వంగుటకు కారణము లేకపోవును.

రెండవది పరావర్తనము. పలకకు తిన్నగా ఎదురు నిలిచి చూచునపుడు ఒక్కొక్క ముఖమునుండి నూటికి సుమారు నాలుగు వంతుల కాంతి మాత్రమే వెనుకకు మరలును. ఓరగా చూచినకొలది ఆ వంతు పెరుగును. ఎదుటినుండి నిర్మలముగా తోచిన కిటికీ ప్రక్కనుండి అద్దమువలె మెరయుట ఇందుచేతనే. మూడవది చెదరుట. స్నానపుగది కిటికీలకు వాడెడి గరుకు గాజు కాంతిని పలువైపులకు చెదరగొట్టును. ఆవలి వస్తువు రంగు తెలియును గాని రూపము తెలియదు.

కంప్యూటరు చిత్రములలో వక్రీభవన పరావర్తనములను ఒక్క లెక్కలో ఇమిడ్చి చూపినవారిలో ముఖ్యుడు అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో పనిచేసిన టర్నర్ విట్టెడ్. 1980లో ఆయన ప్రకటించిన ప్రసిద్ధ చిత్రములో ఒక గాజుగోళము, దాని చెంత అద్దమువంటి మరియొక గోళము, క్రింద ఎరుపు పసుపు గళ్ల నేల కలవు. ఆ గళ్లు లేనిచో గోళము గాజుదని గుర్తించుట కష్టము. తిన్నని గీతలు గోళములో వంకరపోవుట చూచియే కన్ను అది గాజని నిశ్చయించుకొనును.

కావున ఒకే రంగు పూసిన నేపథ్యముపై గాజు నిలువదు. నీలిరంగు మాత్రమే యున్న తెరను ఎంత వంచినను, ఎంత మసకపరచినను అది నీలిరంగుగనే యుండును. నేర్పుగల చిత్రకారుడు మొదట గాజును గాక, గాజు వెనుక నుండవలసిన దానిని సిద్ధపరచును. రంగు ఒక మూలనుండి మరియొక మూలకు క్రమముగా మారవలెను. నెమ్మదిగా కదలెడి కొన్ని వెలుగుమచ్చలో, గీతలో ఉండవలెను.

అటుపిమ్మట పలక వంతు. పలక హద్దులలోనికి వచ్చిన నేపథ్యమును మసకపరచవలెను. తెర యావత్తును పిక్సెళ్లనెడి చిన్న చుక్కల కూర్పు. ప్రతి చుక్క రంగునకు బదులుగా దాని చుట్టునున్న చుక్కల రంగుల సరాసరిని ఉంచినచో గరుకు గాజు భ్రమ కలుగును. దగ్గరి చుక్కలకు ఎక్కువ విలువను, దూరపు చుక్కలకు తక్కువ విలువను ఇచ్చెడి ఈ సరాసరికి గణితవేత్త గౌస్ పేరు పెట్టబడినది.

తరువాత అంచులను వంచవలెను. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ వంటి సాధనములలో ఇందులకు డిస్‌ప్లేస్‌మెంట్ మ్యాప్ అను ఉపకరణము కలదు. దానికి బూడిదరంగు ఛాయలతో ఒక పటమును గీసి యిత్తురు. నడిమి బూడిదరంగున్న తావున చుక్కలు కదలవు. అంతకన్న తెల్లనైన తావున ఒక దిక్కునకును, నల్లనైన తావున ఎదురు దిక్కునకును జరుగును. పలక నడుమ అంతయు నడిమి ఛాయ నుంచి, అంచులయందు మాత్రము తెలుపు నలుపులను క్రమముగా కలిపినచో, వెనుకటి గీతలు నడుమ తిన్నగా నుండి అంచులయందు వంగును. దళసరి పలక అంచున మనము నిత్యము చూచునది ఇదియే. తుదకు వెలుగు వచ్చెడి వైపు అంచున సన్నని తెల్లగీత, పలకపై పలుచని తెల్లపూత, క్రింద తేలికయైన నీడ చేర్చినచో పని ముగియును.

చిత్రము కదలునపుడు మరియొక పరీక్ష కలదు. మెరుపు పలకకు అంటుకొని దానితోడనే కదలినచో అది పూసిన సున్నమువలె తోచును. దీపము కదలక పలక మాత్రమే కదలునపుడు మెరుపు పలకమీద జారవలెను. వెనుకటి బొమ్మయు పలకతో రాక, దాని క్రిందుగా సాగిపోవలెను.

ఇక మేలు కీడుల మాట. పలక వెనుక దృశ్యము కొంత కనబడుటవలన చూచువానికి తానున్న తావు తెలియుచుండును, ఇది మేలు. కీడు అక్షరములకు కలుగును. తుపాను వేళ ఉపగ్రహచిత్రము తెరమీద తిరుగుచుండ, నిర్మలమగు గాజుపట్టీపై తెల్లని అక్షరములతో హెచ్చరిక వచ్చినదనుకొందము. తెల్లని మేఘము పట్టీ వెనుకకు రాగానే అక్షరములు అందులో కలిసిపోవును. తెలుగు లిపికి ఈ ప్రమాదము హెచ్చు. ద, ధ లకును, ప, ఫ లకును భేదము ఒక చిన్న గీత. గుడికిని గుడిదీర్ఘమునకును భేదము ఒక చిన్న మెలిక. ఏ జిల్లాకు, ఏ రేవునకు హెచ్చరికయో చదువలేని గాజు ఎంత అందమైనను నిరర్థకము.

వెబ్ ప్రమాణములను రూపొందించెడి వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం సామాన్యాక్షరములకును నేపథ్యమునకును కాంతి నిష్పత్తి కనీసము 4.5కు 1, పెద్ద అక్షరములకు 3కు 1 ఉండవలెనని సూచించినది. చదునైన రంగుపై దీనిని ఒక్కసారి కొలిచిన చాలును. గాజుపై వెనుకటి దృశ్యము మారినప్పుడెల్ల నిష్పత్తియు మారును. కావున అన్నిటికన్న తెల్లనైన ఘట్టమున కొలువవలెను.

పెద్ద సంస్థలకును ఈ చిక్కు తప్పలేదు. మైక్రోసాఫ్ట్ సంస్థ 2007లో విండోస్ విస్టాతో గాజు చట్రములను ప్రజలకిచ్చి, 2012లో విండోస్ 8తో చదునైన రంగులకు మరలెను. ఆపిల్ సంస్థ 2025 జూన్‌లో లిక్విడ్ గ్లాస్ అను రూపమును ప్రకటింపగా, అక్షరములు చదువ కష్టముగా నున్నవని పలువురు చెప్పిరి. ఆ యేడే గాజుకు మరికొంత రంగు పట్టించుకొను వీలును ఆ సంస్థ కల్పించెను.

కావున ఇట్టి పలకను కూర్చువారు అక్షరముల క్రిందిమేర గాజును మరింత మసకగను, మరింత ముదురుగను ఉంచి, నిర్మలత్వమును అంచులకు విడుచుట మేలు. భ్రమ కలుగుటకు అంచులు చాలును. చదువుటకు నడిమి తావు కావలెను. కన్ను మసకబారిన ముసలివారు గది ఆ చివరనుండి చదువగలిగిన నాడు ఆ గాజు బాగున్నదని చెప్పవచ్చును.