పచ్చ పురుగు వీపు మీద డాలెందుకు?

బెండ మొక్క మీదో, టమాటా మొక్క మీదో ఆకు రంగులో కలిసిపోయిన పురుగును ఎప్పుడైనా చూశారా? ముట్టుకుంటే చాలు, వేళ్ళు ఒకటే కంపు! దీని శాస్త్రీయ నామం నెజారా విరిడ్యులా. ఇది డాలు పురుగుల కుటుంబానిది.

మరి డాలేదీ? వీపు వంక చూడండి. చుట్టిన కిళ్ళీలా మూడు మూలల పలక ఒకటుంది కదా, అదే! రొమ్ము భాగం నుంచి వెనక్కి పెరిగిన గట్టి పెంకు అది. రెక్కలు ముడిచినప్పుడు దాని అంచుల వెంట చక్కగా సర్దుకుంటాయి. ఆ డాలు ముందు అంచున మూడు చిన్న తెల్ల చుక్కలు వరుసగా ఉంటాయి. ఈ పురుగును గుర్తుపట్టడానికి అదొక ఆనవాలు.

ఇంతకీ ఇది పెంకు పురుగా? కాదు, నల్లికి చుట్టం! పెంకు పురుగులు దవడలతో కొరికి తింటాయి. దీనికి తల కింద సన్నని ముక్కు ఉంటుంది. దాన్ని కాయలో గుచ్చి రసం పీలుస్తుంది. 1758లో దీనికి పేరు పెట్టిన శాస్త్రవేత్త లిన్నేయస్ దీన్ని మంచాల నల్లితో కలిపి ఒకే ప్రజాతిలో చేర్చాడు. తర్వాతి శాస్త్రవేత్తలు వేరు చేశారు.

మరి కంపు? కాళ్ళ దగ్గరున్న సన్నని రంధ్రాల నుంచి వస్తుంది. తినడానికొచ్చిన శత్రువును తరిమే ఆయుధమది. అందుకే ఈసారి కనిపిస్తే తెల్ల చుక్కలు లెక్కపెట్టండి, చెయ్యి మాత్రం పెట్టకండి!