రోడ్డు ఆగిన చోటు నుంచి పోస్టు దాకా

కోల్‌కతా సముద్రమట్టానికి పది మీటర్ల ఎత్తు కూడా లేని నగరం. జనవరిలో ఉష్ణోగ్రత 12 డిగ్రీలకు దిగితే చాలు, ఇక్కడ చిన్నా పెద్దా అందరి తలల మీదా మంకీ క్యాపులు కనిపిస్తాయి. అయినా మన మంచు సరిహద్దులో పెద్ద భాగానికి సంబంధించిన సైనిక నిర్ణయాలు జరిగేది హుగ్లీ ఒడ్డున ఉన్న ఈ నగరంలోనే. నిన్నమొన్నటి ఫోర్ట్ విలియం, ఇప్పటి విజయ్ దుర్గ్, తూర్పు సైనిక కమాండ్‌కు కేంద్రం. సిక్కిం నుంచి అరుణాచల్ చివరి దాకా 1,300 కిలోమీటర్లకు పైబడిన వాస్తవాధీన రేఖ దీని బాధ్యత. 1962లో చైనాతో యుద్ధం జరిగినప్పుడు ఈ కమాండ్ లక్నోలో ఉండేది. సేలా, బొమ్‌డిలా చేజారిన మరుసటి ఏడాది, 1963లో, కోల్‌కతాకు వచ్చింది.

ఆ సరిహద్దులో ఇప్పుడు రోడ్లు బాగుపడ్డాయి. 2024 మార్చిలో సేలా సొరంగం ప్రారంభమయ్యాక తేజ్‌పుర్ నుంచి తవాంగ్‌కు ఏడాది పొడవునా వెళ్లే వీలు కలిగింది. కానీ సొరంగమైనా, రోడ్డైనా ఒక చోట ఆగుతుంది. అక్కడి నుంచి పోస్టు ఆరు కిలోమీటర్లు ఉండవచ్చు, పది ఉండవచ్చు. వేసవిలో అది మూడు, నాలుగు గంటల నడక. నడుము లోతు మంచు పడితే అదే దూరానికి రోజంతా పట్టవచ్చు, ఒక్కోసారి రెండు రోజులూ పట్టవచ్చు. ఈ వారం నేను రాస్తున్నది ఆ ఆఖరి పది కిలోమీటర్ల గురించి, ఆ దూరానికి సరిపోతుందేమో చూడదగిన ఒక చిన్న బండి గురించి.

దాని పేరు స్నో బైక్. కొత్తగా పుట్టిన వాహనమేమీ కాదు. మామూలు 450 సీసీ డర్ట్ బైక్ తీసుకుంటారు. ముందు చక్రం తీసి అక్కడ వెడల్పాటి స్కీ బిగిస్తారు. వెనుక చక్రాన్ని, దాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్‌నూ విప్పేసి, ఆ స్థానంలో గట్టి రబ్బరు పళ్లున్న పొడవాటి పట్టాను అమరుస్తారు. ఇంజను నుంచి వచ్చే చైను చక్రాన్ని కాకుండా ఆ పట్టాను తిప్పుతుంది. అమెరికాలో ఐడహో రాష్ట్రంలోని శాండ్‌పాయింట్ పట్టణంలో పుట్టిన టింబర్‌స్లెడ్ కంపెనీ ఈ కిట్లకు పేరు తెచ్చింది. 2015లో దాన్ని పొలారిస్ కొనుక్కుంది. అక్కడ ఇది డబ్బున్నవారి శీతాకాలపు సరదా. పందేలు కూడా జరుగుతాయి.

గోదావరి జిల్లాల రైతుకు ఈ బండి సూత్రం విడమరిచి చెప్పనక్కర్లేదు. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకు రబ్బరు టైర్లు పనికిరావని ఇనుప చక్రాలు తగిలిస్తాడు. తుపాను వచ్చి చేను నానితే టైర్ల కోతయంత్రాన్ని వద్దని చైను మిషన్ కోసం పరుగెడతాడు. బరువును ఎక్కువ నేల మీద పరిస్తే బండి దిగబడదు, అంతే. మంచు విషయంలో నేను కాగితం మీద లెక్క వేసి చూశాను. సామానుతో కలిపి వంద కిలోలు తూగే జవాను అడుగు వేసినప్పుడు, బూటు కింద చదరపు సెంటీమీటరుకు రమారమి 400 గ్రాముల ఒత్తిడి పడుతుంది. స్నో బైక్ బరువు 150 కిలోలు, దాని మీద అదే జవాను, మొత్తం 250 కిలోలు. పట్టా, స్కీ కలిపి అర చదరపు మీటరు మీద పరిస్తే 50 గ్రాములు. ఎనిమిదో వంతు.

ఎనిమిదో వంతు అంటే ఏమిటో ఛాంగు సరస్సు దగ్గర నాకు మోకాళ్లకు తెలిసింది. గ్యాంగ్‌టక్ నుంచి నాథూలా వెళ్లే దారిలో 12,000 అడుగుల పైన ఉంటుంది ఆ సరస్సు. రోడ్డు అంచు దాటి నాలుగడుగులు వేసేసరికి తొడల దాకా దిగిపోయాను. ఒక కాలు పైకి లాగితే రెండోది ఇంకా లోపలికి పోతుంది. కళ్లంలో ఊక కుప్ప మీద నడిచినట్టు పట్టు దొరకదు. ఇరవై అడుగులకు గుండె దడదడలాడింది. నా వీపున ఏమీ లేదు. గస్తీకి వెళ్లే జవాను వీపున పాతిక, ముప్ఫై కిలోలు ఉంటాయి. మనకు పొగమంచుకూ మంచే, తెల్లవారుజామున గడ్డి మీది చుక్కకూ మంచే, హిమాలయాల్లో కురిసేదానికీ మంచే. లంబసింగిలో నీళ్లు గడ్డకడితే వార్త రాసుకునే ప్రాంతం నుంచి వెళ్లిన కుర్రవాడు అక్కడ కొత్తగా నడక నేర్చుకోవాలి.

2022 ఫిబ్రవరిలో అరుణాచల్‌లోని కామెంగ్ ప్రాంతంలో 14,500 అడుగుల ఎత్తున గస్తీలో ఉన్న ఏడుగురు జవాన్లు మంచు చరియల కింద చిక్కుకున్నారు. గాలింపు బృందాలను విమానంలో తరలించారు. రెండు రోజుల తర్వాత ఏడుగురి మృతదేహాలూ దొరికాయి. అంతకు ఆరేళ్ల ముందు సియాచిన్‌లోని సోనమ్ పోస్టు మీద మంచు విరిగిపడి మద్రాస్ రెజిమెంట్‌కు చెందిన పది మంది కూరుకుపోయారు. వారిలో ఒకరు మన కర్నూలు జిల్లా వాసి.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. చరియ కింద పడినవారిని స్నో బైక్ కాపాడలేదు. పావుగంటలోపు తవ్వి తీస్తే పదిమందిలో తొమ్మిది మంది దాకా బతుకుతారు. అరగంట దాటితే మూడింట ఒక వంతే. ఏ బండీ రోడ్డు నుంచి ఆ పావుగంటలో చేరదు. పక్కనున్న సహచరుడి చేతిలోని పార, ఒంటి మీద ఉండే సిగ్నల్ పరికరం మాత్రమే కాపాడతాయి. పైగా బండి వల్లనే ప్రమాదం రావచ్చు. ఇంజను మోతకు చరియలు విరగవు, అది సినిమాల్లో మాట. కానీ బలహీనమైన పొర మీద బండి బరువు పడితే మంచు పలకలా విడిపోతుంది. అమెరికాలో మంచు చరియల మృతుల్లో మంచు స్కూటర్లు నడిపేవారి వంతు పెద్దది. కాబట్టి చండీగఢ్‌లోని డీఆర్‌డీఓ సంస్థ డీజీఆర్‌ఈ ఇచ్చే హెచ్చరిక చూడకుండా ఏ బండీ కదలకూడదు.

మరి దేనికి పనికొస్తుంది? గస్తీకి ముందు దారి చూసి రావడానికి. రేడియో బ్యాటరీలు, మందులు, తాళ్లు చేర్చడానికి. జబ్బుపడిన జవాను దగ్గరకు వైద్య సహాయకుణ్ని రోజులో కాకుండా గంటలో పంపడానికి. రోగిని వెనక్కి తేవడానికి మాత్రం కాదు. స్ట్రెచర్ స్లెడ్జిని లాగాలంటే సియాచిన్‌లో మన సైన్యం వాడుతున్న రెండు స్కీల మంచు స్కూటరే నయం. బెటాలియన్ సామాను మోయడానికి పెద్ద పట్టాల వాహనాలు ఉండనే ఉన్నాయి. 2025లో ఎల్ అండ్ టీకి ఆర్డరు దక్కిన బీవీఎస్10 సింధు ఆ కోవలోదే. అయితే పెద్ద వాహనం వెళ్లే వెడల్పు తూర్పు హిమాలయాల్లో చాలాచోట్ల దొరకదు. మంచు స్కూటర్‌కు కూడా ఏటవాలు మీద అడ్డంగా నడవడం కష్టం. స్నో బైక్‌కు ఉన్నది ఒకే స్కీ, కాబట్టి సైకిల్‌లా పక్కకు వాలుతుంది. చెట్ల మధ్య, కొండ వాలు మీద, ఒక మనిషి పట్టే దారిలో దాని ఆధిక్యం అక్కడే.

నడపడం తేలికని అనుకోవద్దు. పొడి మంచులో ఆగి, ఒక్కసారిగా యాక్సిలరేటర్ తిప్పితే పట్టా ముందుకు పోదు, కిందికి తవ్వుకుంటూ తన గొయ్యి తానే తీసుకుంటుంది. ఎత్తు ఎక్కుతూ ఆగకూడదు. ఆపాలంటే ముందు బండి ముఖాన్ని పల్లానికి తిప్పుకోవాలి, ఎందుకంటే డర్ట్ బైక్‌కు సాధారణంగా రివర్స్ గేరు ఉండదు. 150 కిలోల బండి పక్కకు పడితే 14,000 అడుగుల ఎత్తున దాన్ని లేపడమే ఒక వ్యాయామం. ఆ ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో 60 శాతం కూడా ఉండదు. అంటే టర్బో లేని 450 సీసీ ఇంజను సుమారు 270 సీసీ ఇంజను చేసే పనే చేస్తుంది. ఐడహో వీడియోల్లో ఎగిరి దూకే బండిని చూసి మనం లెక్క కట్టరాదు.

మంచులో మోటారు సైకిల్ అనగానే కొందరు మిత్రులు రాయల్ ఎన్‌ఫీల్డ్‌ను గుర్తుచేస్తారు. నిజమే, 2021 డిసెంబరులో రెండు హిమాలయన్ బైకులు దక్షిణ ధ్రువాన్ని చేరాయి. వాటికి ఉన్నవి మేకులు దిగ్గొట్టిన టైర్లు. అవి నడిచింది వాహనాలు తొక్కి గట్టిపరచిన దారి. మన గస్తీ బాటను ముందుగా ఎవరు తొక్కి పెడతారు?

యుద్ధ చరిత్రలో ఈ ఆలోచన పాతదే. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ కంపెనీ ఎన్‌ఎస్‌యూ తయారుచేసిన కెటెన్‌క్రాడ్‌కు ముందు మోటారు సైకిల్ చక్రం, వెనుక ట్యాంకు పట్టాలు. సోవియట్ సేన వెనుక ప్రొపెల్లర్ తిరిగే స్లెడ్జిలు నడిపింది. అంతకు ముందు 1939–40 శీతాకాలంలో, రోడ్లకే అతుక్కున్న సోవియట్ దళాలను ఫిన్లండ్ స్కీ సైనికులు అడవుల్లోంచి వచ్చి ముక్కలు ముక్కలుగా నరికారు. నేటి ఉక్రెయిన్ యుద్ధంలో రష్యా డర్ట్ బైకుల మీద దాడి దళాలను పంపుతోంది. ఆ బైకుల గతి చూస్తే నాకు ఒకటి తోస్తోంది. డ్రోన్లు తిరిగే ఆకాశం కింద, తెల్లటి మైదానంలో, వేడి ఇంజనుతో మోత చేసుకుంటూ పోయే బండి దాక్కోలేదు. శత్రువు కంటికి ఎదురుగా దీన్ని నడపాలనే వాదనను నేను ఒప్పుకోను. కొండకు ఇవతలి వైపు, పోస్టుకూ పోస్టుకూ మధ్య, దీని పని ఉంది.

అందుకే భారీ టెండరు కాదు, చిన్న పరీక్ష కావాలంటాను. సైనిక కమాండర్లకు ప్రత్యేక కొనుగోలు అధికారాలు ఉన్నాయి. డజను కిట్లు కొనే నిర్ణయం ఢిల్లీ దాకా పోనక్కర్లేదు, విజయ్ దుర్గ్‌లోనే జరగవచ్చు. గుల్మార్గ్‌లోని హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్లో నడపడం నేర్పించవచ్చు. కానీ అక్కడి పొడి మంచులో నెగ్గిన బండి తూర్పున, తడిసి బరువెక్కిన మంచులో నెగ్గుతుందని నమ్మకం లేదు. అసలు పరీక్ష తవాంగ్ పైన, ఉత్తర సిక్కింలో జరగాలి.

బండి కన్నా నాకు పట్టా మీదే అనుమానం ఎక్కువ. సహజ రబ్బరుకు ఒక గుణం ఉంది. మైనస్ 25 డిగ్రీల ప్రాంతంలో అది లోలోపల స్ఫటికాలుగా మారడం మొదలుపెట్టి, రోజులు గడిచేకొద్దీ బిగుసుకుపోతుంది. రోజూ తిరిగే బండికి ఇబ్బంది లేదు. తుపాను పట్టి పదిరోజులు బయట నిలిచిపోయిన బండికి ఉంది. దిగుమతి పట్టా తెగితే కొత్తది వచ్చేసరికి చలికాలం అయిపోతుంది. ఇక్కడికి 120 కిలోమీటర్ల దూరంలో, మన తెలుగు రైల్వే కుటుంబాలు తరతరాలుగా ఉంటున్న ఖరగ్‌పుర్‌లో, ఐఐటీకి రబ్బరు సాంకేతిక కేంద్రం ఉంది. పట్టాకు తగిన మిశ్రమం తేల్చే పని వారికి అప్పగించవచ్చు. అటు తవాంగ్‌లో బండిని పదిరోజులు ఆరుబయట వదిలేసి, పదకొండో తెల్లవారి కిక్కు కొట్టి చూడాలి. తూర్పున భారీ మంచు జనవరి నుంచి మార్చి దాకా. బండ్లు నవంబరు లోపు పైకి చేరకపోతే ఆ పరీక్ష మరుసటి ఏటికే.