గుర్రం వీపు మీద ఎంత బరువు?

మలక్‌పేట రేసుకోర్సులో పందేనికి ముందు ప్రతి జాకీ జీను పట్టుకుని తూకం మీద నిలబడతాడు. పరుగు ముగిసి గుర్రం దిగాక, ఒంటి మీద చెమట ఆరకముందే, అదే జీనుతో మళ్లీ తూకం ఎక్కాలి. అప్పుడు బరువు తగ్గిందని తేలితే గెలిచిన గెలుపు పోయినట్టే. ప్రపంచంలో ఎక్కడ గుర్రప్పందేలు జరిగినా ఇదే పద్ధతి. సాధారణంగా హెల్మెట్, కొరడా లెక్కలోకి రావు. జీను మాత్రం వస్తుంది. పందెపు జీనుల్లో అరకిలో బరువుండేవి కూడా ఉన్నాయి. అమెరికాలో పశువుల కాపరులు వాడే జీను సాధారణంగా పదిహేను కిలోల పైనే ఉంటుంది. హైదరాబాదులో ఈ పందేలు 1868లో మౌలాలిలో మొదలయ్యాయి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వాటిని 1886లో మలక్‌పేటకు మార్చాడు.

బరువు తక్కువున్న జాకీకి సీసం మోత తప్పదు. జీను కింద వేసే గుడ్డకు జేబులుంటాయి. నిర్ణయించిన బరువుకు ఎంత తక్కువైతే అంత సీసం రేకులుగా ఆ జేబుల్లోకి చేరుతుంది. హ్యాండీక్యాప్ పందేల్లో మంచి గుర్రానికి ఎక్కువ బరువు, అంతంతమాత్రపు గుర్రానికి తక్కువ బరువు కేటాయిస్తారు. అన్నీ ఒకేసారి గీత దాటేలా చేయాలన్నది బరువులు నిర్ణయించేవారి లక్ష్యం.

ఆ లెక్కను తలకిందులు చేసిన గుర్రం కార్బైన్. 1890లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ కప్ పందెంలో దాని మీద పడ్డ బరువు దాదాపు 66 కిలోలు. రెండో స్థానంలో వచ్చిన హైబార్న్ మోసింది 42 కిలోలలోపే. పోటీలో మొత్తం 39 గుర్రాలున్నాయి. రెండు మైళ్ల దూరం 24 కిలోలు అదనంగా మోస్తూ పరిగెత్తి, అన్నిటినీ దాటి, అప్పటికి ఆ పందెంలో ఎవరూ చూడని వేగంతో కార్బైన్ గెలిచింది. ఆ బరువుతో ఆ కప్పు గెలిచిన గుర్రం ఇప్పటికీ మరొకటి లేదు. ఆస్ట్రేలియా జనం ప్రాణంగా చూసుకున్న ఫార్ ల్యాప్ 1930లో 62 కిలోలు పైచిలుకు మోసి అదే కప్పు గెలిచింది. మరుసటేడు దాని వీపు మీద 68 కిలోలు వేశారు. ఎనిమిదో స్థానంలో వచ్చింది.

కూర్చునే తీరు మారితే అదే బరువు తేలికవుతుందా? అవుతుంది. పంతొమ్మిదో శతాబ్దం చివరి దాకా జాకీలు కాళ్లు బారుగా చాపి, నిటారుగా జీను మీద కూర్చునేవారు. 1897లో టాడ్ స్లోన్ అనే అమెరికన్ జాకీ ఇంగ్లండ్‌కు వచ్చి, రికాబులు పైకి లాగి కట్టి, మోకాళ్లు ముడిచి, గుర్రం మెడ మీదకు వంగి స్వారీ చేశాడు. జనం కోతి కూర్చున్నట్టుందని నవ్వారు. కొద్ది ఏళ్లలోనే అందరూ అలాగే కూర్చోవడం మొదలుపెట్టారు. 1897 నుంచి 1910 మధ్య పందెపు సమయాలు 5 నుంచి 7 శాతం మెరుగుపడ్డాయి. దీని వెనకున్న కారణాన్ని లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ పరిశోధకులు 2009లో ‘సైన్స్’ పత్రికలో వివరించారు. దౌడు తీసే గుర్రం ఒళ్లు ప్రతి అంగకూ పైకీ కిందకీ, ముందుకీ వెనక్కీ ఊగుతుంది. జీనుకు అతుక్కుని కూర్చుంటే జాకీ ఒంటిని కూడా గుర్రమే ఊపాలి. రికాబుల మీద నిలబడి మోకాళ్లతో ఆ ఊపును మింగేస్తే, గుర్రం అతని బరువును మోస్తే చాలు. ఊపే కష్టం జాకీ కాళ్లకు బదిలీ అవుతుంది. అందుకే పందెం చివర్లో జాకీల గుండె కూడా చాలా వేగంగా కొట్టుకుంటుంది.

ఈ తూకం జాకీల బతుకుల్ని ఏం చేసిందో కూడా చెప్పుకోవాలి. ఇంగ్లండ్‌లో ఫ్రెడ్ ఆర్చర్ వరసగా పదమూడేళ్లు ఛాంపియన్. 2,700కు పైగా గెలుపులు. మనిషి ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు, జాకీకి ఉండకూడని ఎత్తు. ఒంట్లో బరువు దింపడానికి తిండి మానేవాడు, విరేచనాల మందు తాగేవాడు, ఆవిరి స్నానాల్లో గంటలు గడిపేవాడు. భార్య పురిట్లో చనిపోయిన రెండేళ్లకు, తీవ్రమైన జ్వరంలో, 1886 నవంబరులో తన ప్రాణం తానే తీసుకున్నాడు. అప్పటికి వయసు 29. తర్వాతి కాలపు మహా జాకీ లెస్టర్ పిగట్ కూడా పొడగరే. తన ఒంటికి సహజమైన బరువు కన్నా ఎంతో తక్కువలో దశాబ్దాల పాటు నోరు కట్టుకుని బతికాడు. పందెపు రికార్డుల్లో గెలుపులు కనిపిస్తాయి గానీ ఈ ఆకళ్లు కనిపించవు. నా మటుకు నాకు ఆర్చర్ గెలుపుల లెక్క కన్నా ఆ 29 అన్న అంకే ముందు గుర్తొస్తుంది.

మామూలు స్వారీలో బరువు ఎంత ఉండొచ్చు? గుర్రం బరువులో అయిదో వంతు దాటొద్దన్నది చాలామంది చెప్పే లెక్క. స్వారీ చేసే మనిషి, జీను, సామాను అన్నీ కలిపి. అమెరికన్ అశ్వికదళపు 1920 నాటి కరదీపికలోనే ఇది ఉంది. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు దీన్ని 2008లో ఎనిమిది గుర్రాల మీద పరీక్షించారు. గుర్రం బరువులో 15, 20, 25, 30 శాతం చొప్పున మోయించారు. 20 దాకా పెద్ద తేడా లేదు. 25 శాతం దగ్గర గుండె వేగం పెరిగింది, మర్నాటికి వీపు కండరాల్లో నొప్పి కనిపించింది. 30 దగ్గర ఇంకా ఎక్కువ. నడుము వెడల్పుగా ఉన్న గుర్రాలు తక్కువ బాధపడ్డాయి. ఐస్‌లాండ్ పొట్టి గుర్రాల మీద చేసిన మరో పరీక్షలో, సగటున 23 శాతం దగ్గర నెత్తుట్లో లాక్టేట్ గబగబా పెరగడం మొదలైంది, అంటే కండరాలు అలసట అంచుకు వచ్చాయి. ఒక్కో గుర్రానికి ఆ అంచు ఒక్కోచోట ఉంది.

కాలిఫోర్నియా కొండల్లో టెవిస్ కప్ అనే పోటీ జరుగుతుంది. 24 గంటల్లో 160 కిలోమీటర్లు పూర్తి చేయాలి. 1990లలో అక్కడ వందలాది గుర్రాలను తూచి, ఏవి చివరిదాకా వెళ్లాయో, ఏవి మధ్యలో ఆగాయో పరిశీలించారు. వీపు మీది బరువు ఫలితాన్ని పెద్దగా మార్చలేదు. గుర్రం ఒంటి మీద కొవ్వు ఎంతుంది, పక్కటెముకలు పైకి తేలాయా అన్నదే తేల్చింది. బక్కచిక్కిన గుర్రం తేలికపాటి మనిషిని ఎక్కించుకుని కూడా కూలబడింది.

బరువును గుర్రం ఒళ్లు మోసే తీరూ వేరు. మన భుజాల ముందు తగిలే కాలర్ ఎముక గుర్రానికి ఉండదు. ముందుకాళ్లకూ మొండేనికీ ఎముకల కీలు లేదు. రెండు కాళ్ల మధ్య ఉయ్యాల కట్టినట్టు, కండరాలే మొండేన్ని మోస్తాయి. నిలబడ్డ గుర్రం బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ల మీదే ఉంటుంది. మనం కూర్చునేదీ ఆ కాళ్లకు దగ్గర్లోనే. మనిషి పైన బరువుగా కుదేసుకుంటూ కూర్చుంటే, జోరు నడకలో అతని బరువుకు రెండింతలు వీపు మీద పడే క్షణాలుంటాయి.

బరువు పట్టింపు పందేల్లోనే కాదు. 1860 ఏప్రిల్‌లో మొదలైన అమెరికా పోనీ ఎక్స్‌ప్రెస్‌లో టపా మోసే కుర్రాళ్ల బరువు దాదాపు 57 కిలోలు దాటకూడదు. మిస్సోరి నుంచి కాలిఫోర్నియాకు దాదాపు 3,000 కిలోమీటర్లు. పది రోజుల్లో టపా చేరేది. నాలుగు జేబుల తోలు గుడ్డను జీను మీద పరిచి, దాని మీదే కూర్చునేవారు. పదిహేను, ఇరవై కిలోమీటర్లకోసారి గుర్రం మారినప్పుడు ఆ గుడ్డను ఒక్క ఊపున కొత్త గుర్రం మీదకు వేసేవారు. బరువు తగ్గాలని జనం పల్చటి కాగితం మీద ఉత్తరాలు రాసేవారు. టెలిగ్రాఫ్ తీగ రావడంతో 1861 అక్టోబరులో ఆ సర్వీసు ఆగిపోయింది.

గుర్రం మోసే బరువు గురించి కట్టుకథలూ ఉన్నాయి. నిండా ఉక్కు కవచం తొడిగిన ఐరోపా యోధుణ్ని తాళ్లతో పైకెత్తి గుర్రం మీద కూర్చోబెట్టేవారని సినిమాల్లో చూపిస్తారు. అది నిజం కాదు. యుద్ధంలో వాడే కవచం ఇరవై, ఇరవై అయిదు కిలోలే. అది తొడుక్కుని మనిషి తనంతట తాను గుర్రం ఎక్కేవాడు.

మన దేశంలో జంతువుల మీద వేసే బరువుకు చట్టం ఉందని చాలామందికి తెలియదు. 1965 నాటి నియమాల ప్రకారం పోనీ మీద వేసే సామాను 70 కిలోలు, కంచర గాడిద మీద 200 కిలోలు, గాడిద మీద 50 కిలోలు దాటకూడదు. బరువు మోసే జంతువుతో రోజుకు మొత్తం తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదు. మధ్యలో విరామం లేకుండా అయిదు గంటలకు మించి అసలే కూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా పనికి కట్టకూడదు. మన ఊళ్లలో ఎండాకాలం పెళ్లి బారాతుల్లో నిలబెట్టిన గుర్రాల్ని చూసినప్పుడల్లా నాకు ఈ నియమం గుర్తొచ్చి మనసు మండుతుంది.

ఈ లెక్కలన్నీ కళ్లకు కట్టేది కేదార్‌నాథ్ దారిలో. గౌరీకుండ్ నుంచి గుడి దాకా దాదాపు 16 కిలోమీటర్లు, గుడి ఉన్నది 3,583 మీటర్ల ఎత్తున. మన తెలుగు యాత్రికులు వేలల్లో వెళ్తారు. చాలామంది గుర్రమో, కంచర గాడిదో మాట్లాడుకుంటారు. సీజన్‌లో ఒకే జంతువును రోజుకు రెండు ట్రిప్పులు తిప్పే యజమానులున్నారు. ఎక్కేముందు ఒక్క నిమిషం చూస్తే చాలా తెలుస్తుంది. జీను పట్టీ పొట్ట కింద ఒరుసుకున్న చోట వెంట్రుకలు రాలి ఎర్రగా ఉందా, వీపు మీద చెయ్యి వేస్తే జంకుతోందా, ముక్కుపుటాలు ఊరికే ఎగసిపడుతున్నాయా చూడాలి. పుండు కనిపిస్తే ఆ గుర్రం వద్దని గట్టిగా చెప్పాలి. ఇవాళ ఇది ఎన్నో ట్రిప్పు అని అడగాలి. కొండ ఎక్కేటప్పుడు ముందుకు వంగి, రికాబుల మీద కాస్త బరువు మోపి కూర్చుంటే దాని నడుముకు ఊరట. కొండ దిగేటప్పుడు మాత్రం మనం ఎంత వెనక్కి వాలినా బరువు ముందుకాళ్ల మీదకే జారుతుంది, ప్రతి రాతి మెట్టుకూ ఆ కాళ్లే దెబ్బ తింటాయి. పైకి గుర్రం మీద వెళ్లి, తిరుగు దారి నడిచి వచ్చే యాత్రికులు కొందరుంటారు. మోకాళ్లు సహకరించే వాళ్లకు అంతకన్నా మంచి పద్ధతి లేదు.