చుక్కాని లేని పందెపు పడవలు



వేసవిలో గోదావరి పాయ దాటువారికి పడవ ఇసుకమేటపై నిలిచిపోవుట క్రొత్త సంగతి కాదు. మరపడవకు ఈ చిక్కు మరింత హెచ్చు. నీటిని త్రోయు రెక్కలును, చుక్కానియు అడుగునకు దిగువగా ఉండుటచే, మొదట అవియే రాతికి తగిలి విరుగును. దీనికి న్యూజీలాండు దేశమున విలియం హామిల్టన్ అను గొర్రెల మందల ఆసామి కనుగొన్న ఉపాయమును, దానినుండి పుట్టిన పందెమును గూర్చి నేడు మనవి చేసెదను.

ఆయన ప్రాంతపు నదులు గులకరాళ్ల మేటల నడుమ పెక్కు పాయలుగా చీలి పారును. నీటిధారతో పడవను నడుపు తలంపు పూర్వమే యున్నను, అట్టి నదులకు తగినట్లుగా దానిని చక్కజేసినవాడు ఆయనయే. 1954 నాటికి ఆయన పడవ నీటిపై తిరిగెను. 1960 లో అట్టి పడవలు అమెరికాలోని కొలరాడో నదిలో, గ్రాండు కేన్యను లోయగుండ, ప్రవాహమునకు ఎదురేగినవి.

దీని పని తీరు సులభము. పడవ అడుగున నొక రంధ్రము గలదు. ఇంజను త్రిప్పు చక్రము ఆ రంధ్రముగుండ నీటిని పీల్చి, వెనుకనున్న గొట్టమునుండి మహావేగముతో చిమ్మును. ఆ విసురునకు పడవ ముందునకు దుముకును. గొట్టపు మూతిని ఏ వైపు త్రిప్పిన ఆ వైపునకే పడవ మరలును. అడుగున వ్రేలాడునది యేదియు లేదు గనుక, వేగము పుంజుకొన్న పిదప జానెడు నీరున్నను చాలును.

1980 తరువాత ఆ దేశముననే దీనితో పందెములు మొదలైనవి. నేడవి ఆస్ట్రేలియా, అమెరికాలలోను జరుగుచున్నవి. మట్టిదిబ్బల నడుమ ఇరుకు కాలువలు త్రవ్వి నీరు నింపుదురు. ఒక్కొక్క పడవనే విడిచి కాలము లెక్కింతురు. 20 కి పైగా మలుపులు సుమారు ఒక్క నిమిషములో ముగియవలెను. త్రోవ తప్పినచో ఆ పరుగు చెల్లదు. పడవలో ఇరువురుందురు: ఒకడు నడుపును, రెండవవాడు త్రోవను కంఠస్థము చేసి చేతిసైగలతో చూపును. ఇంజను రొదలో మాట వినబడదు గదా!

ఇందలి అసలు కిటుకు వినుడు. ఎడ్లబండి తోలువాడు గట్టు ఎదురుకాగానే పగ్గము బిగించును. ఇచట ఆ బుద్ధియే ముప్పు. చుక్కాని లేదు, చిమ్ము నీరే చుక్కాని. భయపడి ఇంజను వేగము తగ్గించినచో ధార సన్నగిల్లి, పడవ మరలక, తిన్నగా గట్టుపైకి ఎక్కును. అందుచేతనే నడుపువారు తలకు టోపీలు, దేహమునకు పట్టీలు, చుట్టును ఇనుపకడ్డీల పంజరము ఏర్పరచుకొందురు.

ఈ పందెమును చూచువారు వేగమునకే అచ్చెరువొందుదురు. నాకు మాత్రము గట్టు మీదికి వచ్చుచుండగా చేయి సడలింపని ఆ నిబ్బరమే గొప్పగా తోచుచున్నది.