కారు కొనుగోలు – రైతులు గమనింపవలసిన విషయములు

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతపు గ్రామములలో నేడు కారు విలాసవస్తువు కాదు. రోగిని ఆసుపత్రికి చేర్చుటకును, పిల్లలను కళాశాలకు పంపుటకును, మార్కెట్టులో లెక్క చూచుకొని వచ్చుటకును, పెండ్లిపేరంటములకును అది అక్కరకు వచ్చుచున్నది. మన సంఘసభ్యులలో పలువురు ఇదివరకే కారు కొనియున్నారు. మరికొందరు కొనవలెనను తలంపుతో మమ్ము సలహా అడుగుచున్నారు. కావున ఈ నెల ఆ విషయమును గూర్చి నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

పశువుల సంతలో ఎద్దు పండ్లు చూచి, నడక చూచి, సుడి చూచి బేరమాడుదుము. సొమ్ము చెల్లించి పలుపు చేతికి తీసికొన్నచో ఎద్దు మనది. కారు అట్టిది కాదు. తాళపుచెవి మన చేతికి వచ్చినను, రిజిస్ట్రేషను పత్రములో మన పేరు చేరువరకు మన హక్కు గట్టిపడదు. అమ్మినవాని పేరు తొలగువరకు వానిని బాధ్యత విడువదు. ఈ యొక్క సంగతి మరచి కష్టములపాలైన వారిని మేమెరుగుదుము.

మా యెరుకలోని యొక రైతు కొన్నియేండ్ల క్రిందట పొరుగురాష్ట్రమునుండి దళారిద్వారా పాత కారు నొకదానిని చవుకగా కొనెను. బండి చూపునకు బాగుండెను. ఇంజను చక్కగా పలికెను. పేరు మార్చుకొనుటకు పోగా, దానిమీద ఫైనాన్సు బాకీ ఇంకను తీరలేదని తెలిసెను. దళారి ఫోను తీయుట మానెను. అప్పు ఇచ్చినవారు వచ్చి బండి తీసికొనిపోయిరి. రెండు పంటల సొమ్ము ఆ విధముగా పోయెను. అతడు బండిని నాలుగుమారులు తోలి చూచెను గాని, కాగితమును ఒక్కమారైన చదువలేదు.

ఈ ప్రమాదము మన ప్రాంతమునకు మరింత దగ్గరగా నున్నది. కుప్పము మూడు రాష్ట్రముల కూడలి. మదనపల్లె, పుంగనూరులనుండియు బెంగుళూరునకు ఉదయము పోయి సాయంకాలమునకు తిరిగిరావచ్చును. అచ్చట పాత కార్లు విస్తారముగా అమ్మకమునకు వచ్చును గనుక మనవారి చూపు అటు పోవుట సహజమే. కాని అచ్చటి ధరనే మొత్తము ఖర్చుగా తలపరాదు. పొరుగురాష్ట్రపు బండిని 12 నెలలకు మించి మన రాష్ట్రమున నుంచుకొన్నచో ఇచ్చటి నంబరు తీసికొనవలెనని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 47వ సెక్షను చెప్పుచున్నది. అప్పుడు ఇచ్చటి పన్నును కట్టవలసివచ్చును. ఆ పన్నును ముందుగనే విచారించి ధరతో కలిపి చూచుకొన్నగాని చవుక యేదో తెలియదు.

పాత బండి కొనువారు బయానా ఇచ్చుటకు ముందే ప్రభుత్వపు పరివాహన్ వెబ్‌సైటులో బండి నంబరు వేసి చూడవలెను. రిజిస్ట్రేషను, బీమా గడువులు అందు తెలియును. పత్రముమీది ఇంజను నంబరును, ఛాసిస్ నంబరును బండిమీది వానితో అక్షరమక్షరము సరిచూడవలెను. పత్రములో ఫైనాన్సు కంపెనీ పేరున్నచో, బాకీ తీరినదను పత్రమును, 35వ ఫారమును తీసికొనక సొమ్ము చెల్లింపరాదు. పేరు మార్పునకు 29, 30 ఫారములు వలయును. బండి మరియొక రాష్ట్రపుదైనచో అచ్చటి రవాణా కార్యాలయపు నిరభ్యంతర పత్రము, అనగా 28వ ఫారము, ఉండితీరవలెను. కొనినవాడు 30 దినములలోగా పేరు మార్పునకు దరఖాస్తు చేసికొనవలెను. బీమాను తన పేర మార్పించుకొనుటకు 14 దినములే గడువు.

అమ్మువారికిని ఒక హెచ్చరిక. “అమ్మివేసితిని, ఇక నాకేమి?” అని ఊరకుండరాదు. బండి చేతులు చేతులు మారినను, రవాణా కార్యాలయపు పుస్తకములో ఎవరి పేరున్నదో వారే యజమాని యనియు, ప్రమాదము జరిగినచో పరిహారము వారే చెల్లింపవలెననియు సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ వ్యాజ్యమున తీర్పుచెప్పినది. మూడేండ్ల క్రిందట అమ్మిన బండి నేడు ఎచ్చటనో ఒకనిని గుద్దినచో, నోటీసు మన గడపకు వచ్చునన్నమాట.

ఇక షోరూములో క్రొత్త కారు కొనువారి సంగతి. పత్రికలో ప్రకటించు ధర వేరు, బండి రోడ్డెక్కు ధర వేరు. పన్ను, రిజిస్ట్రేషను రుసుము, బీమా, అదనపు సామగ్రి అన్నియు ప్రకటించిన ధరకు తోడగును. ప్రతి పద్దును విడిగా వ్రాసియిమ్మని అడుగవలెను. తెలియని పద్దు ఎందులకని అడుగుటకు మొగమాటపడరాదు. బీమాను ఆ షోరూములోనే తీసికొనవలెనను నియమము లేదు, బయటకూడ విచారింపవచ్చును. అమ్మకపు పత్రమైన 21వ ఫారములో బండి తయారైన నెలయు, సంవత్సరమును ఉండును. నిరుటి బండిని ఈ యేటి ధరకు కొనకుండుటకు అది చూచుకొనవలెను. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న కార్లపై జి.ఎస్.టి. 28 శాతమునుండి 18 శాతమునకు తగ్గినది.

అప్పు తీసికొనువారు వడ్డీ రేటు ఎంతయని మాత్రమే గాక, ఏ పద్ధతిని లెక్కకట్టుదురో అడుగవలెను. 5 లక్షల రూపాయలను 5 సంవత్సరములకు 10 శాతము వడ్డీకి తీసికొన్నారనుకొందము. బాకీ తగ్గినకొలది వడ్డీయు తగ్గు పద్ధతిలో నెలవాయిదా సుమారు 10,625 రూపాయలు. మొత్తము వడ్డీ 1,37,000 పైచిలుకు. మొదటి అసలుపైననే చివరివరకు వడ్డీ కట్టు ‘ఫ్లాట్’ పద్ధతిలో నెలవాయిదా 12,500, వడ్డీ 2,50,000. పేరునకు రెండును 10 శాతమే. రెండవది నిజమునకు 17 శాతమునకు పైబడినది. వాయిదా నెలనెలకు వచ్చును, పంట నెలనెలకు రాదు. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్టులో టమాటా కిలో నూరు రూపాయలు దాటినది. సెప్టెంబరునాటికి కొనువారు లేక రైతులు కాయను పారబోసిన సంగతి అందరు నెరిగినదే. జూలై ధరను చూచి అయిదేండ్ల అప్పు చేయరాదు.

స్వంత కారునకు తెల్ల నంబరుపలక యుండును. అట్టి బండిని తిరుపతి ప్రయాణమునకో, పెండ్లికో బాడుగకు ఇచ్చుట మన యూళ్లలో సామాన్యమైపోయినది. బాడుగ ప్రయాణములో ప్రమాదము జరిగినచో బీమా కంపెనీ సొమ్ము నిరాకరింపవచ్చును. వేయి రూపాయల బాడుగకై పొలమునకు ముప్పు తెచ్చుకొనుట వివేకము కాదు.

బండిని కాపాడుకొనుట పశువును సాకుటవంటిదే. ఇంజను ఆయిలును పుస్తకములో చెప్పిన కిలోమీటర్లకో, నెలలకో, ఏది ముందు వచ్చిన దానికి మార్చవలెను. మట్టిబాటల దుమ్ముచే గాలి ఫిల్టరు త్వరగా పూడుకొనును. దానిని తరచుగా చూచుకొనవలెను. టైర్ల గాలి బండి చల్లగానున్నప్పుడు చూడవలెను. టైరుగాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గినచో టైరు మార్చవలెను. వేడి ఇంజనుపై రేడియేటరు మూత తీయరాదు. భాకరాపేట ఘాటులో దిగునప్పుడు తక్కువ గేరులో దిగవలెను. బ్రేకునే నమ్ముకొన్నచో అది వేడెక్కి పట్టు తప్పును. గడ్డివామి ప్రక్కన బండి నిలుపువారు ఎలుకలు వైర్లు కొరుకకుండ వారమున కొకమారు బానెటు ఎత్తి చూచుకొనవలెను.

ఎద్దును కొనునప్పుడు ఊరి పెద్దను వెంటబెట్టుకొని పోవుట మన పూర్వుల ఆచారము. కారు కొనునప్పుడు ఒక మెకానిక్కును, చదువు తెలిసిన బిడ్డ నొకరిని వెంటబెట్టుకొని పొండు. మెకానిక్కు బండిని చూచును, బిడ్డ కాగితమును చదువును. ఆ రెండును సరియైన పిమ్మటనే సంచి మూతి విప్పవలెనని సభ్యులకు మా మనవి.